పాత మదర్‌బోర్డుకు వేగమైన ర్యామ్ పెట్టవచ్చా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో హెచ్61 చిప్‌సెట్ మదర్‌బోర్డు, ఇంటెల్ కోర్ ఐ5-2400 ప్రాసెసర్ ఉన్నాయి. ర్యామ్ స్లాట్లు రెండే. ఒకదానిలో 4 జీబీ డీడీఆర్3 1333 స్టిక్ ఉంది, రెండోది ఖాళీ. బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, కంప్యూటర్ మొరాయిస్తోంది. మా బావమరిది తన పాత కంప్యూటర్‌ను తీసేస్తూ అందులోని 8 జీబీ డీడీఆర్3 1600 స్టిక్ నాకిచ్చాడు. నా బోర్డు పుస్తకంలో చూస్తే 1066, 1333 అని మాత్రమే ఉంది. 1600 పెడితే బోర్డు కాలిపోతుందని ఆఫీసులో ఒకరు భయపెట్టారు. కాలిపోదు గానీ అసలు ఆన్ కాదని ఇంకొకరు అన్నారు. స్టిక్ మీది లేబుల్ చూసి రాస్తున్నాను: ‘8జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ-11-11-బీ1’. ఏం చేయమంటారు? పెడితే పాత 4 జీబీని ఉంచాలా, తీసేయాలా?

సమాధానం: నిర్భయంగా పెట్టండి. ఆ స్టిక్ వల్ల బోర్డు కాలిపోదు. లేబుల్ ప్రకారం అది మీ కంప్యూటర్‌లో పనిచేయకపోవడానికి కారణమేదీ లేదు. మీరు దానిని అక్షరం పొల్లుపోకుండా రాసి పంపారు కాబట్టే ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నాను. అయితే ఆ స్టిక్ మీ దగ్గర 1600 వేగంతో కాక 1333 వేగంతో నడుస్తుంది. నష్టం అంతే. నాలుగు జీబీల ర్యామ్ పన్నెండు జీబీలు అవుతున్నప్పుడు ఆ నష్టాన్ని పట్టించుకోనక్కరలేదు.

1600 అనే అంకె చూడగానే, ఆ స్టిక్ మిగతా భాగాలన్నిటినీ తన వేగంతో పరుగెత్తమని ఒత్తిడి చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ర్యామ్ స్టిక్ తన వేగాన్ని తాను నిర్ణయించుకోదు. దాని చిప్‌లకు కావలసిన క్లాక్ సంకేతం, ర్యామ్‌ను నడిపించే భాగమైన మెమరీ కంట్రోలర్ నుంచే వస్తుంది. కంట్రోలర్ ఏ లయలో సంకేతం పంపితే చిప్‌లు ఆ లయలోనే పనిచేస్తాయి. లేబుల్ మీది అంకె తయారీదారు ఇచ్చే హామీ మాత్రమే: అంత వేగం వరకు తప్పుల్లేకుండా పనిచేస్తుందని. వంద కిలోలు మోయగలవాడి తల మీద ఎనభై కిలోల మూట పెడితే వాడు కూలిపోడు కదా.

స్టిక్‌ను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. పెద్ద నల్లటి చిప్‌ల వరుస కాకుండా, గోరులో సగం కూడా లేని చిన్న చిప్ ఒకటి విడిగా కనిపిస్తుంది. దాన్ని ఎస్పీడీ చిప్ అంటారు. డీడీఆర్3 స్టిక్‌లో అది దాచుకునే సమాచారం 256 బైట్లే. స్టిక్ సామర్థ్యం ఎంత, ఎన్ని వోల్టులు కావాలి, ఏ వేగం వద్ద ఎంత వ్యవధి పడుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. మీరు పవర్ బటన్ నొక్కగానే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ముందుగా చేసే పనుల్లో దాన్ని చదవడం ఒకటి. స్టిక్ ఎంత వేగానికి తగినదో, కంట్రోలర్ ఎంత వేగం ఇవ్వగలదో చూసి, రెండింటిలో తక్కువదాన్ని ఖాయం చేస్తుంది. మీరు ఏ సెట్టింగూ మార్చనక్కరలేదు.

ఈ సర్దుబాటు యాదృచ్ఛికంగా కుదిరింది కాదని చెప్పడానికి మీ లేబుల్‌లోనే ఆధారం ఉంది. ‘12800యూ’ తర్వాత వచ్చే మొదటి 11ను సీఎల్ అంటారు. డేటా కావాలని అడిగాక అది రావడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో చెప్పే అంకె అది. 1600 వద్ద ఒక్కో క్లాక్ 1.25 నానోసెకన్లు, కాబట్టి 11 క్లాక్‌లంటే 13.75 నానోసెకన్లు. మీ పాత స్టిక్ మామూలు 1333 రకమైతే దాని సీఎల్ 9 అయి ఉంటుంది. అక్కడ ఒక్కో క్లాక్ 1.5 నానోసెకన్లు, మొత్తం 13.5. కచ్చితంగా లెక్కగడితే 13.75 కావలసిన స్టిక్ 13.5లో అందించలేదు. ఈ చిక్కు తయారీదారులకు ముందే తెలుసు. అందుకే చాలా 1600 స్టిక్‌ల ఎస్పీడీలో ఆ వ్యవధిని 13.125 నానోసెకన్లుగా రాస్తారు. అప్పుడు 1333 వద్ద సీఎల్ 9తోనూ, 1066 వద్ద సీఎల్ 7తోనూ హాయిగా సరిపోతుంది. కింది వేగాల్లో నడవడం ఆ స్టిక్‌కు పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట. ఒకవేళ మీ స్టిక్‌లో అలా రాసి లేకపోయినా ప్రమాదమేమీ లేదు. బయోస్ సీఎల్ 10ని ఎంచుకుంటుంది, ఆ తేడా మీ కంటికి ఆనదు.

ఇక 1333 హద్దు ఎవరు పెట్టారు? బోర్డు పుస్తకంలో ఉంది కాబట్టి బోర్డే అనుకోవడం సహజం. మీ విషయంలో ముఖ్యమైన హద్దు ప్రాసెసర్‌ది. ఒకప్పుడు మెమరీ కంట్రోలర్ మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తోనూ, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తోనూ దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చాయి. మీ ఐ5-2400 రెండో తరం కోర్ ప్రాసెసర్, 2011లో వచ్చింది. దానికి ఇంటెల్ చెప్పిన మెమరీ వేగాలు 1066, 1333 మాత్రమే. 2012లో వచ్చిన మూడో తరం ప్రాసెసర్లకు 1600ను కూడా చేర్చారు. కాబట్టి మీ బోర్డు తయారీదారు మూడో తరానికి బయోస్ ఇచ్చి ఉండి, మీరు ఎప్పుడైనా ప్రాసెసర్ మారిస్తే ఇదే స్టిక్ 1600తో నడిచే వీలుంది. అయితే ఈ ఒక్క కారణంతో ప్రాసెసర్ మార్చమని నేను చెప్పను.

ఇప్పుడు మీ ఆఫీసువారి మాట దగ్గరకు వస్తాను, ఎందుకంటే అసలు తెలుసుకోవలసింది అక్కడే ఉంది. ‘వేగమైన ర్యామ్ పెడితే కంప్యూటర్ ఆన్ కాలేదు’ అనేవారు అబద్ధం చెప్పడం లేదు. వారి దగ్గర నిజంగానే ఆన్ కాకపోయి ఉండవచ్చు. కానీ తప్పు వేగానిది కాదు. తర్వాతి కాలంలో తయారైన స్టిక్ వేగంలోనే కాదు, ఇంకా చాలా విషయాల్లో పాత స్టిక్‌కు భిన్నంగా ఉంటుంది. అందులో ముఖ్యమైనది ఒక్కో చిప్ ఎంత డేటాను పట్టగలదన్నది. పాత కంట్రోలర్‌కు అంత పెద్ద చిప్‌ను పూర్తిగా అందుకునే శక్తి ఉండదు. పెట్టినవారికి మాత్రం లేబుల్ మీది పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తుంది, నింద దాని మీద పడుతుంది.

ఇది డీడీఆర్ కంటే ముందు నుంచే ఉన్న కథ. ఇంటెల్ 1998లో తెచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్ 100 మెగాహెర్ట్జ్ మెమరీ కోసం తయారైంది. దానికి 133 మెగాహెర్ట్జ్ స్టిక్ పెడితే 100తో బుద్ధిగా నడిచేది. అయితే అదే 133 రకంలో, ఎనిమిది చిప్‌లతోనే 256 ఎంబీ ఇచ్చే స్టిక్ పెడితే 128 ఎంబీ మాత్రమే కనిపించేది. పదహారు చిప్‌లతో 256 ఎంబీ ఇచ్చే స్టిక్ అయితే పూర్తిగా కనిపించేది. వేగం రెండింటిదీ ఒకటే. డీడీఆర్3 కాలంలో జీ41 చిప్‌సెట్ బోర్డులున్నవారు సరిగ్గా ఇదే అనుభవించారు. ఆ చిప్‌సెట్‌కు ఒక్కో చిప్ 2 గిగాబిట్లు మించకూడదు. కాబట్టి పదహారు చిప్‌ల 4 జీబీ స్టిక్ పనిచేసింది. ఎనిమిది చిప్‌ల 4 జీబీ స్టిక్ పనిచేయలేదు. ‘1600 స్టిక్ జీ41లో ఆడదు’ అనే ప్రచారం అలా మొదలై ఇప్పటికీ తిరుగుతోంది.

మీ ప్రాసెసర్ 4 గిగాబిట్ల చిప్‌ల వరకు అందుకోగలదు. మరి మీ స్టిక్‌లో ఉన్నవి ఎంత పెద్ద చిప్‌లు? లేబులే చెబుతోంది. ‘2ఆర్’ అంటే రెండు ర్యాంకులు, అంటే ఒకేసారి కలిసి పనిచేసే చిప్‌ల జట్లు రెండు, ‘ఎక్స్8’ అంటే ఒక్కో చిప్ ఒకేసారి 8 బిట్లు ఇస్తుందని. మెమరీ దారి వెడల్పు 64 బిట్లు, కాబట్టి ఒక ర్యాంకుకు ఎనిమిది చిప్‌లు, రెండు ర్యాంకులకు పదహారు. 8 జీబీలను పదహారింటికి పంచితే ఒక్కోదానికి 512 ఎంబీ, అంటే సరిగ్గా 4 గిగాబిట్లు. స్టిక్‌కు రెండు వైపులా ఎనిమిదేసి చిప్‌లు ఉన్నాయో లేదో లెక్కపెట్టి చూసుకోండి, ఉండాలి. ఈ లెక్క ప్రకారమే డీడీఆర్3లో ఒక్క స్టిక్‌లో 16 జీబీ దొరికినా మీకు పనికిరాదు. దానికి 8 గిగాబిట్ల చిప్‌లు కావాలి, మీ ప్రాసెసర్ వాటిని అందుకోలేదు.

లేబుల్ మీద ‘ఎక్స్8’ బదులు ‘ఎక్స్4’ ఉంటే నేను వద్దనేవాడిని. ఏఎండీ బోర్డులకు మాత్రమే అంటూ తక్కువ ధరకు అమ్మే డెస్క్‌టాప్ స్టిక్‌లు చాలావరకు ఆ రకానివే. ఇంటెల్ డెస్క్‌టాప్ కంట్రోలర్లు వాటిని ఒప్పుకోవు. అలాగే ‘12800’ పక్కన ‘యూ’ ఉండటం మీ అదృష్టం. అక్కడ ‘ఆర్’ ఉంటే అది సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ స్టిక్. ఆకారం అచ్చం ఇలాగే ఉంటుంది, స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ మామూలు డెస్క్‌టాప్ బోర్డు దానితో ఆన్ కాదు. సర్వర్ల నుంచి తీసేసిన స్టిక్‌లు పాత సామాన్ల అమ్మకాల్లో విరివిగా కనిపిస్తాయి కాబట్టి, వాడిన ర్యామ్ కొనేవారు ముందుగా ఆ ఒక్క అక్షరాన్ని చూడాలి.

వోల్టుల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే కాలిపోతుందన్న భయానికి కాస్తో కూస్తో ఆధారమున్న చోటు అదే. ‘పీసీ3’ అంటే 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3. మీ బోర్డు ఇచ్చేది కూడా అదే. ‘పీసీ3ఎల్’ అని ఉంటే 1.35 వోల్టులతో నడవగల రకం. కానీ దాన్ని 1.5 వోల్టులకూ తట్టుకునేలా తయారుచేస్తారు, కాబట్టి మీకు అదైనా పనికొచ్చేది. ఇబ్బంది దీనికి ఎదురు దిశలో ఉంది. ఆరో తరం కోర్ ప్రాసెసర్లతో డీడీఆర్3 స్లాట్లున్న బోర్డులు కొన్ని వచ్చాయి. వాటికి 1.35 వోల్టుల రకమే వాడాలని ఇంటెల్ స్పష్టంగా చెప్పింది. ఆ తరం బోర్డులున్నవారు 1.5 వోల్టుల స్టిక్ పెట్టకండి. మీ తరానికి ఆ బెడద లేదు.

ఇక పాత 4 జీబీ స్టిక్. దాన్ని తీయకండి. వేగం వేరు, సామర్థ్యం వేరు అయిన స్టిక్‌లను కలపకూడదనే మాట మీరు వినే ఉంటారు. రెండూ కలిసి ఉన్నప్పుడు బయోస్ నిదానమైనదాని వేగాన్ని రెండింటికీ ఖాయం చేస్తుంది. మీ ప్రాసెసర్ హద్దు ఎలాగూ 1333 కాబట్టి, పాత స్టిక్ వల్ల కొత్తదానికి జరిగే నష్టం ఏమీ లేదు. లాభం మాత్రం గట్టిగా ఉంది. మీ కంట్రోలర్‌కు రెండు ఛానళ్లు ఉన్నాయి, మీ బోర్డు మీది రెండు స్లాట్లు ఒక్కో ఛానల్‌కు ఒక్కటి. ఇప్పుడు ఒక స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి డేటా ఒకే దారిలో సెకనుకు సుమారు 10.6 జీబీ దాకా ప్రవహించగలదు. రెండూ నిండితే ఆ హద్దు 21.3 జీబీకి పెరుగుతుంది. ఒకే స్టిక్‌ను 1600తో నడిపించగలిగినా మీకు దక్కేది 12.8 జీబీ మాత్రమే. వేగమైన ఒక్క స్టిక్ కంటే నిదానమైన రెండు స్టిక్‌లు ఎంత మేలో ఈ అంకెల్లోనే ఉంది.

ఒకటి 4, మరొకటి 8 జీబీ అయితే జోడీ కుదరదు కదా అంటారేమో. ఇంటెల్ ఫ్లెక్స్ మెమరీ అనే ఏర్పాటు ఇందుకే ఉంది. పెద్ద స్టిక్‌లోని 4 జీబీలు చిన్న స్టిక్‌తో జోడీ కట్టి రెండు ఛానళ్లలో నడుస్తాయి, మిగిలిన 4 జీబీలు ఒకే ఛానల్‌లో నడుస్తాయి. మొత్తం 12 జీబీలూ మీకు అందుతాయి. మీరు విడిగా గ్రాఫిక్స్ కార్డు వాడకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే పని నడిపిస్తుంటే, అది కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి వీడియోలు, చిన్నపాటి ఆటల్లో తేడా తెలియవచ్చు.

అయినా మీకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది వేగమూ కాదు, ఛానళ్లూ కాదు, పరిమాణమే. నాలుగైదు ట్యాబ్‌లకే కంప్యూటర్ మొరాయించడమంటే, 4 జీబీ చాలక విండోస్ కొంత డేటాను డిస్కు మీదికి తోసి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటోందని అర్థం. ర్యామ్ నుంచి డేటా రావడానికి వంద నానోసెకన్ల లోపు పడితే, తిరిగే హార్డ్‌డిస్కు నుంచి రావడానికి పది మిల్లీసెకన్ల వరకు పట్టవచ్చు. అంటే సుమారు లక్ష రెట్లు. 1333కూ 1600కూ ఉన్న తేడా ఇరవై శాతం. ఏ తేడా గురించి ఆలోచించాలో ఇక వేరే చెప్పనక్కరలేదు.

పెట్టేముందు ఒక్కటి సరిచూసుకోండి. మీ విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా? 32 బిట్‌ది అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోలేదు, ఆ 4లోనూ కొంత పోతుంది. సిస్టమ్ వివరాల్లో ఆ సంగతి ఉంటుంది. 64 బిట్ విండోస్ వేసుకోనిదే మీ శ్రమకు ఫలితం ఉండదు. విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 64 బిట్‌లోనూ 8 జీబీ దగ్గరే ఆగుతుంది.

పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. ర్యామ్ మార్చబోయి బోర్డు పాడుచేసుకున్నవారిలో ఎక్కువమంది విషయంలో కారణం స్టిక్ వేగం కాదు, పెట్టిన తీరే. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా, తీగ గోడకు తగిలించి ఉన్నంతసేపు పవర్ సప్లై బోర్డుకు 5 వోల్టులు అందిస్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతూ ఉండేది అందుకే. కాబట్టి తీగ పూర్తిగా పీకేయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు కూడా ఖర్చవుతుంది. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, స్టిక్‌ను అంచులతో పట్టుకోండి, బంగారు రంగు పట్టీలను వేలితో ముట్టవద్దు. ఆ పట్టీల మధ్య ఒక గాడి ఉంటుంది, అది సరిగ్గా నడుమ ఉండదు. స్లాట్‌లోని గట్టుకు ఆ గాడి ఎదురుగా వచ్చేలా పెట్టి, రెండు చివరలూ సమంగా నొక్కితే గడియలు టక్కున పడతాయి. గాడి కలవడం లేదంటే స్టిక్ తిరగబడి ఉంది, లేదా అది వేరే తరానిది. డీడీఆర్2కూ డీడీఆర్3కూ పట్టీల సంఖ్య 240యే అయినా గాడి చోటు వేరు. అక్కడ బలం ప్రయోగిస్తే మాత్రం మీ ఆఫీసువారు చెప్పినంత పనీ జరగవచ్చు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర వెలగడానికి మామూలు కంటే కాస్త ఎక్కువ సమయం పట్టవచ్చు, కొన్ని బోర్డులు ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతాయి. కంగారు పడకండి. రెండు మూడు నిమిషాలైనా తెర నల్లగానే ఉంటే, తీగ పీకి స్టిక్‌లను తీసి మళ్లీ పెట్టండి. తర్వాత కొత్తది ఒక్కదానినే పెట్టి చూడండి. అప్పటికీ కాకపోతే బోర్డు మీది సీమాస్ జంపర్ అనే చిన్న తొడుగుతో బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తేవాలి. పాత స్టిక్ ఒక్కటే పెట్టి, బోర్డు తయారీదారు ఇచ్చిన చివరి బయోస్‌ను ఎక్కించి మళ్లీ ప్రయత్నించడం ఆ తర్వాతి మాట.

ఆన్ అయ్యాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం 1333 అని కనిపించాలి. అదే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూస్తే 665 దరిదాపుల్లో ఉంటుంది. సగం వేగమే వస్తోందని చాలామంది ఇక్కడ బెంబేలెత్తుతారు. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది, 1333 అనేది ఆ పంపకాల లెక్క, 665 అసలు క్లాక్. రెండూ నిజమే.

డీడీఆర్4 బోర్డులున్న పాఠకులు కూడా ఇలాంటి ప్రశ్నలే పంపుతున్నారు కాబట్టి వారికి ఒక మాట. 2400 వరకే నడిచే బోర్డుకు 3200 స్టిక్ కొంటే అది తప్పకుండా 2400తో నడుస్తుందని అనుకోకండి. ఆటల కోసం అమ్మే స్టిక్‌లలో ఆ 3200 చాలాసార్లు ఎక్స్ఎంపీ అనే అదనపు ప్రొఫైల్‌లో ఉండే అంకె, మూల ప్రొఫైల్ 2133 కావచ్చు. ఎక్స్ఎంపీని వాడుకోలేని బోర్డులో అది 2133 దగ్గరే ఆగిపోవచ్చు. కొనేముందు మూల వేగం ఎంతో చూసుకోండి.

మీ స్టిక్ వాడినది కాబట్టి మొదటి రాత్రి దానికొక పరీక్ష పెట్టండి. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, తెల్లవారే వరకు వదిలేయండి. ఉదయానికి తప్పుల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్క తప్పు కనిపించినా స్టిక్‌లను విడివిడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించి, దోషం దేనిదో తేల్చుకోండి. చెడ్డ ర్యామ్‌తో పని కొనసాగిస్తే ఫైళ్లు మీకు తెలియకుండానే పాడవుతాయి. మీ బావమరిది ఇచ్చినదానిలోనే దోషం ఉందని తేలితే, దాని చోట కొనవలసినది 8 జీబీ, 2ఆర్ఎక్స్8, పీసీ3, చివర యూ ఉన్న స్టిక్. మధ్యలో 10600 (1333 రకం) ఉన్నా, 12800 (1600 రకం) ఉన్నా ఏది దొరికితే అది తీసుకోండి.